గడప లోపలి ద్రాక్షారసము

తెలుగు బైబిలులో కానా అను ఊరి పెండ్లివిందు కథ కలదు. అచట బానలలోని నీరు ద్రాక్షారసముగా మారినదని చదువుదుము. ఆ ద్రాక్షారసము పులిసిన పానీయమే. అయినను మన ఇండ్లలో పిల్లలకు గ్లాసులో పోసి ఇచ్చు తీయని రసమునకును ఆ మాటయే చెల్లుచున్నది. ప్రకృతిలో ఈ రెండును అంత దగ్గరి వస్తువులు. పండిన ద్రాక్షను పిండి, ఆ రసమును కుండలో పోసి ఊరకున్నచో రెండు మూడు దినములలో నురుగు కట్టును. కొన్ని వారములు గడచినచో మద్యమగును. ఆ రెంటికిని నడుమ నున్నది కొంత కాలము మాత్రమే. ఆ కాలమును నిలుపుటకు కొందరును, సాగనిచ్చుటకు కొందరును పాటుపడిరి. ఆ ఇరువురి పాటులనుండియు పుట్టినదే నేడు ఇంగ్లండు, అమెరికా, కెనడా దేశముల దుకాణములలో అమ్ముడగుచున్న ఒక చిన్న పెట్టె. ఇంటనే ద్రాక్షాసవము చేసికొనదలచిన వారికై అమర్చిన సామగ్రి పెట్టె అది. దాని చరిత్రను ఈ ప్రసంగమున వివరింపదలచితిమి.

ముందుగా ఆ పెట్టెను విప్పి చూతము. అందు ముఖ్యమైనది చిక్కబరచిన ద్రాక్షరసపు సంచి. రసములోని నీటిని చాలవరకు తీసివేసి తేనెవలె చేసినది. దానితోపాటు చిటికెడు పొడివలె కనబడు ఈస్టు పొట్లమొకటి, పులియుట ముగిసిన పిదప దానిని నిలిపివేయుటకు కొంచెము గంధక లవణము, మడ్డిని అడుగునకు దించుటకు మెత్తని బంకమన్ను పొడి ఉండును. తొలిసారి కొనువారికి మూతగల తొట్టియు, వంపు గొట్టమును, రసములోని చక్కెర పాలును తెలుపు హైడ్రోమీటరును కూడ నిత్తురు. వంపు గొట్టములో నీరు నిలిచి యుండును. లోపల పుట్టిన వాయువు బుడగలుగా బయటికి పోవును గాని, బయటి గాలి లోనికి రాజాలదు. చిన్న పెట్టెతో నాలుగున్నర లీటరులు, అనగా ఆరు సీసాలు తయారగును. పెద్ద పెట్టెతో 23 లీటరులు, ముప్పది సీసాలు. నాలుగు మొదలు ఎనిమిది వారములలో పని ముగియును. ద్రాక్షతోట గాని, గానుగ గాని, నేలమాళిగ గాని అక్కరలేదు. వంటింటి మూల చాలును. నీటిని దూరదేశములనుండి మోసికొని రానక్కరలేదు. చేసికొనువాని పనికి కూలి లేదు. అమ్మకపు పన్ను సీసాపై పడదు. అందువలననే ఇది చౌక.

పులియుట మన దేశమునకు క్రొత్త విద్య కాదు. ఆయుర్వేద వైద్యులు ద్రాక్షాసవము, ద్రాక్షారిష్టము మున్నగు ఔషధములను కుండలలో మూతవేసి, ధాతకీ పుష్పములు చేర్చి పులియబెట్టుట అనాదిగా వచ్చుచున్న పద్ధతి. అయితే కుండలో జరుగుచున్న దేమియో చాలకాలము ఎవరికిని తెలియదు. ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు లూయీ పాస్టరు పందొమ్మిదవ శతాబ్ది మధ్యమున ఆ రహస్యమును విప్పెను. ఈస్టు అను కంటి కానరాని జీవి చక్కెరను తిని, దానిని ఇంచుమించు సగము ఆల్కహాలుగను, సగము బొగ్గుపులుసు వాయువుగను మార్చునని ఆయన నిరూపించెను. ద్రాక్షాసవమును గూర్చి ఆయన రచించిన గ్రంథము 1866 లో వెలువడెను. ద్రాక్షాసవమును కొలది వేడిమికి గురిచేసినచో దానిని చెరచు సూక్ష్మజీవులు నశించి, అది చాలకాలము నిలువయుండునని అందు తెలిపెను. ఫ్రాన్సు దేశపు ద్రాక్షాసవమును కాపాడుటకు ఆయన కనుగొనిన ఉపాయమది.

ఆ ఉపాయమును సముద్రమున కావలివైపున మరియొకరు సరిగా తలక్రిందులుగా వాడిరి. అమెరికాలోని న్యూజెర్సీ రాష్ట్రమున వైన్‌లాండు అను పట్టణమున థామస్ బ్రామ్‌వెల్ వెల్చ్ అను దంతవైద్యు డుండెను. ఆయన మెథడిస్టు క్రైస్తవుడు, మద్యమునకు బద్ధవిరోధి. చర్చిలో ప్రభురాత్రి భోజనమున ఇచ్చు ద్రాక్షారసము మత్తు కలిగించునది కారాదని ఆయన పట్టుదల. 1869 లో ఆయన తాజా ద్రాక్షరసమును సీసాలలో నింపి, బిరడా బిగించి, మరుగు నీటిలో వేడిచేసెను. అందలి ఈస్టు చచ్చెను. రసము రసముగనే నిలిచెను. దానికి ఆయన పెట్టిన పేరు ‘పులియని ద్రాక్షాసవము’. పాస్టరు ఆసవమును రక్షించుటకు వాడిన వేడిమిని వెల్చ్ ఆసవము పుట్టకుండ చేయుటకు వాడెను. తరువాత ఆయన కుమారుడు చార్లెస్ ఈ రసమును దేశమంతట అమ్మకమునకు పెట్టి, 1893 లో షికాగోలో జరిగిన ప్రపంచ ప్రదర్శనమున జనులకు రుచి చూపెను. ద్రాక్షరసము ఏడాది పొడవున, ఏ ఊరనైనను దొరకు సరకైనది. మద్యమును తరిమివేయుటకు పుట్టిన ఈ పరిశ్రమయే ముందుముందు ఇంటింట మద్యము చేయుటకు ముడిసరకు నందించునని ఆ తండ్రికొడుకులు తలచియుండరు.

అమెరికాలో మద్యనిషేధోద్యమమునకు స్త్రీలు ప్రాణము పోసిరి. 1874 లో స్థాపితమైన క్రైస్తవ మహిళా మద్యనిషేధ సంఘము వారి ముఖ్యసంస్థ. భర్త వారపు కూలినంతయు తాగుడు దుకాణమున ధారపోసి వచ్చినచో ఆ ఇంట పొయ్యి వెలుగదు. ఆ కాలమున చాలచోట్ల స్త్రీలకు ఓటు లేదు. ఆస్తిపై హక్కులు స్వల్పము. కనుక వారి పోరాటమునకు మూలసూత్రము ఇంటిని కాపాడుట. దుకాణము శత్రువు, ఇల్లు పవిత్రస్థానము అను భావము ఆ ఉద్యమమున ఆద్యంతము కనబడును. ఆ పోరాటము ఫలించెను. అమెరికా రాజ్యాంగమునకు పదునెనిమిదవ సవరణ 1919 జనవరిలో ఆమోదము పొందెను. దాని నమలుపరచు వోల్‌స్టెడ్ చట్టము అదే సంవత్సరము అక్టోబరులో, అధ్యక్షుడు విల్సను నిరాకరించినను, కాంగ్రెసు బలముచే నెగ్గెను. 1920 జనవరి 17 నుండి దేశమంతట మద్యనిషేధము అమలులోనికి వచ్చెను.

ఇచట ఒక చిత్రము గమనింపవలెను. ఆ సవరణ మద్యము తయారుచేయుటను, అమ్ముటను, రవాణాచేయుటను నిషేధించెను గాని త్రాగుటను నిషేధింపలేదు. చట్టము మద్యమనగా నూటికి అరవంతు ఆల్కహాలు గల పానీయమని నిర్వచించెను. కాని ఇరువది తొమ్మిదవ సెక్షనులో ఒక మినహాయింపు చేర్చిరి. తన ఇంటి వాడకమునకు మాత్రమే మత్తు కలిగింపని యాపిలు రసమును, పండ్లరసములను చేసికొనువాడు శిక్షార్హుడు కాడని దాని భావము. పల్లెలలో రైతులు తమ తోటల యాపిలు రసమును పీపాలలో నిలువచేసికొనుట తరతరముల వాడుక. ఆ రైతుల ఓట్లతో గెలిచిన సభ్యులు ఆ వాడుకను నేరము చేయజాలరైరి. పీపాలోని రసము పులియకుండునా? ‘మత్తు కలిగింపని’ అను మాటకు కొలత ఏది? చట్టము దానికి జవాబు చెప్పలేదు. అంతకు పూర్వమునుండియు పన్నుల శాఖలో ఒక నియమము ఉండెడిది. కుటుంబ యజమాని ఏడాదికి 200 గాలనుల ద్రాక్షాసవమును ఇంటి వాడకమునకు పన్ను లేకయే చేసికొనవచ్చును. ఆ సంఖ్యయే నిషేధకాలమునను నిలిచిపోయెను. 200 గాలనులనగా సుమారు 757 లీటరులు. నేటి సీసాల లెక్కన వేయి సీసాలు. ఇంటిని కాపాడుటకు తెచ్చిన చట్టము ఇంటి గడపకడ నిలిచిపోయెను.

ఈ మెలికను లోకమునకు చాటినవాడు కాంగ్రెసు సభ్యుడే. మేరీలాండు రాష్ట్రపు బాల్టిమోరు నగరమునుండి ఎన్నికైన జాన్ ఫిలిప్ హిల్ మద్యనిషేధమును వ్యతిరేకించుచుండెను. పల్లె రైతునకు చెల్లినది పట్టణవాసికి ఏల చెల్లదని ఆయన ప్రశ్న. నగరము నడుమనున్న తన ఇంటినే వ్యవసాయక్షేత్రమని హాస్యముగా పిలుచుచు, 1923 లో ద్రాక్షరసమును, మరుసటి యేట యాపిలు రసమును బహిరంగముగా పులియబెట్టెను. పత్రికలవారిని పిలిచెను. అధికారులకు తానే వార్త పంపెను. 1924 లో ఆయనపై కేసు నడచెను. నూటికి అరవంతు అను కొలత ఇంటి రసమునకు వర్తింపదనియు, అది నిజముగా మత్తు కలిగించునో లేదో జూరీ నిర్ణయింపవలెననియు న్యాయాధిపతి తెలిపెను. జూరీ ఆయనను నిర్దోషిగా విడిచెను. గడప లోపల జరుగు పనిని రుజువుచేయుట ఎంత కష్టమో ఆనాటితో తేలిపోయెను.

అంతకుముందే ద్రాక్షతోటల తీరు మారిపోయెను. నిషేధముతో కాలిఫోర్నియాలోని తోటలన్నియు పాడగునని రైతులు భయపడిరి. కొందరు తీగలను పెరికివేసిరి. జరిగినది దానికి విరుద్ధము. ఆసవపు కార్మాగారములు మూతపడగా, పచ్చి ద్రాక్షకు మునుపెన్నడు లేని గిరాకి వచ్చెను. మంచుపెట్టెలు గల రైలుబండ్లలో ద్రాక్షగంపలు షికాగో, న్యూయార్కు మున్నగు నగరముల సరకుయార్డులకు చేరుచుండెను. ఇటలీనుండి వలసవచ్చిన కుటుంబములవారు బండ్లతో వచ్చి, బేరమాడి, ఏడాదికి చాలినన్ని గంపలు కొనిపోవుచుండిరి. నిషేధపు తొలి ఏడెనిమిది సంవత్సరములలో కాలిఫోర్నియా ద్రాక్షతోటల విస్తీర్ణము దాదాపు రెండింతలైనది. అయితే నాణెమైన రకములు ఈ బేరమునకు పనికిరావైనవి. పలుచని తోలుగల పండు మూడువేల మైళ్ల ప్రయాణమునకు తాళదు. అందుచే ఆలికాంటె బూషె అను రకము ముందునకు వచ్చెను. ఫ్రాన్సులో పందొమ్మిదవ శతాబ్దిలో పుట్టించిన ఈ ద్రాక్షకు తోలు మందము. కండయు, రసమును కూడ ఎర్రనివే. రంగు ఎంత చిక్కనిదనగా, మొదటి రసము తీసిన పిప్పికి చక్కెరయు నీరును చేర్చి రెండవమారును పులియబెట్టవచ్చును. రుచి సామాన్యము, రంగు మాత్రము ఘనము. మంచి తీగలను పెరికి ఈ తీగలను నాటుటచే కలిగిన నష్టమును కాలిఫోర్నియా నిషేధము తొలగిన పిదప కూడ చాలకాలము అనుభవించెను.

ఇంట ద్రాక్ష పిండికొనగల వారి సంగతి ఇది. వారికి ఇల్లుండెను, పీపాలు పెట్టు చోటుండెను, గంపలు కొను డబ్బుండెను. అద్దె గదిలో తల దాచుకొను కూలివాని సంగతి వేరు. అతడు సందులో దొరికినదానిని త్రాగెను. కార్మాగారములకై చేసిన ఆల్కహాలును త్రాగకుండుటకు ప్రభుత్వము అందులో మిథైలు ఆల్కహాలు మున్నగు విషములు కలిపించుచుండెడిది. 1927 లో ఆ పాలు పెంచిరి. దొంగవ్యాపారులు దానినే శుద్ధిచేసితిమని అమ్మిరి. త్రాగినవారు కన్నులు పోగొట్టుకొనిరి, ప్రాణములు పోగొట్టుకొనిరి. 1930 లో జమైకా అల్లపు సారమను మందులో ఒక విషపదార్థము కలిసినందున వేలాది పేదలకు కాళ్లు పడిపోయినవి. ద్రాక్ష చక్కెర ఈస్టుతో పులిసినచో ఇట్టి విపత్తు రాదు. అందు పుట్టు మిథైలు ఆల్కహాలు అత్యల్పము. ఒకే చట్టము ఇల్లుగలవానికి పీపాను విడిచి, ఇల్లులేనివానికి విషమును మిగిల్చెను. 1931 లో అధ్యక్షుడు హూవరు నియమించిన విచారణ సంఘము తన నివేదికలో ఈ వైపరీత్యమును ఎత్తిచూపెను. ఇంట ద్రాక్షాసవము చేయుట చెల్లి, ఇంటనే బీరు చేయుట ఏల నేరమైనదో తెలియరాదని ఆ సంఘము ఆక్షేపించెను. బీరు కూలివాని పానీయము.

ఇక పెట్టె పుట్టుకకు వత్తము. పచ్చి పండ్లు చెడిపోవును, గంపలు బరువు, పిండుట శ్రమ. ఎక్కువ తోటలు నాటినందున 1925 తరువాత పంట మితిమీరి ధర కూలిపోయెను. మిగులు పండ్లను ఏమిచేయవలెను? రసము తీసి చిక్కబరచుట సులభోపాయముగా తోచెను. కొన్ని సంస్థలు ద్రాక్షను అచ్చులలో నొక్కి, ఎండబెట్టి, ఇటుకలవలె చేసి అమ్మినవి. ఒక ఇటుకను గాలను నీటిలో కరిగించిన త్రాగుటకు తీయని రసము సిద్ధమగును. వానితోపాటు వచ్చిన హెచ్చరికలు లోకప్రసిద్ధములైనవి. ఈ రసమును కూజాలో పోసి ఇరువది దినములు అలమారలో ఉంచకుడు, ఉంచినచో అది ద్రాక్షాసవముగా మారి చట్టవిరుద్ధ మగునని వాని సారాంశము. చేయకూడని పనిని ఇంత వివరముగా బోధించిన హెచ్చరిక అరుదు. ఇంట పులియబెట్టు పెట్టెలలోని సూచనాపత్రమునకు ఆది రూపము ఇదియే.

ఇటుకకన్న ఒక మెట్టు పైకెక్కినది ‘వైన్-గ్లో’. కాలిఫోర్నియా ద్రాక్షపెంపకపు సంస్థలు 1929 లో ఫ్రూట్ ఇండస్ట్రీస్ అను పేర ఏకమైనవి. కష్టములో నున్న రైతులకు తోడ్పడుటకు అదే సంవత్సరము వెలసిన ప్రభుత్వ వ్యవసాయ మండలి దానికి అప్పులిచ్చెను. ఆ సంస్థ చిక్కబరచిన రసమును పీపాలలో నింపి ఇండ్లకు పంపెను. పోర్టు, మస్కటెల్, రీస్లింగ్, క్లారెట్, బర్గండీ ఇత్యాది రకములలో కోరినది ఎన్నుకొనవచ్చును. సంస్థ మనిషి ఇంటికి వచ్చి, రసమునకు నీరు చేర్చి, పులియుట కనువుగా పీపాను అమర్చి పోవును. అరువది దినములకు మరల వచ్చి, తయారైన దానిని సీసాలలో నింపి ఇచ్చును. ఇంటివాడు చేయవలసినది డబ్బిచ్చి వేచియుండుటయే. ఈ సంస్థకు న్యాయవాదిగా పనిచేసినది మేబెల్ వాకర్ విల్‌బ్రాంట్. ఆమె 1921 నుండి 1929 వరకు అమెరికా ప్రభుత్వమున సహాయ అటార్నీ జనరలుగా మద్యనిషేధపు కేసులను నడపిన వనిత. చట్టములోని సందులు ఆమెకన్న ఎవరికి తెలియును? ఇరువది తొమ్మిదవ సెక్షను పీపాను కాపాడునని ఆమె వాదము. ప్రభుత్వపు ఒక చేయి పీపాకు అప్పిచ్చుచుండ, మరియొక చేయి పీపాలను పగులగొట్టుచుండెను. ఈ విడ్డూరమును పత్రికలు ఎగతాళి చేసినవి, నిషేధవాదులు ఆగ్రహించిరి. 1931 లో ఇట్టి వ్యాపారమే చేయుచున్న మరియొక సంస్థపై నడచిన కేసులో కాన్సస్ సిటీ న్యాయస్థానము ప్రతికూలముగా తీర్పు చెప్పెను. ఇంటివాడు తానై చేసికొనుట ఒకటి, వ్యాపారి వానిచే చేయించుట మరియొకటి అని తేలెను. ఆ యేడు చివరనే ఫ్రూట్ ఇండస్ట్రీస్ తన పీపాలను ఉపసంహరించుకొనెను. 1933 డిసెంబరు 5 న నిషేధమే రద్దయ్యెను. దుకాణములు తెరచుకొనగా ఇంటి పీపాలు మూలపడినవి.

పెట్టె రెండవ జన్మ ఇంగ్లండులో జరిగెను. దీనికి కారణము చట్టము కాదు, చక్కెర. యుద్ధము వలన 1940 జనవరిలో అచట చక్కెర రేషను మొదలై, యుద్ధము ముగిసిన పిదప కూడ సాగి, 1953 సెప్టెంబరున తొలగెను. ఇంగ్లండు పల్లెలలో ద్రాక్ష అంతగా పండదు. అచటి గృహిణులు ఎల్డరు పూలతోను, డాండిలయన్ పూలతోను, పార్స్‌నిప్ దుంపలతోను ఆసవములు చేయుట పాత సంప్రదాయము. చక్కెర దొరకినంతనే ఆ విద్య మరల మొలకెత్తెను. హాంప్‌షైరులోని ఆండోవరు పట్టణమున ఔత్సాహికుల సంఘ మేర్పడెను. ఆ పట్టణపు పత్రికా సంపాదకుడు సి.జె.జె. బెరీ 1957 లో ఔత్సాహికులకై ఒక మాసపత్రిక ప్రారంభించి, 1960 లో ‘ఫస్ట్ స్టెప్స్ ఇన్ వైన్‌మేకింగ్’ అను చిన్న పుస్తకము ప్రకటించెను. ఆ పుస్తకము అనేక ముద్రణలు పొంది, లక్షలాది ఇండ్లకు చేరెను. గాలను గాజు కూజా, వంపు గొట్టము, హైడ్రోమీటరు, మంచి ఈస్టు ఇవి నాలుగును ఉన్నచో సామాన్యుడును శుభ్రమైన ఆసవము చేయగలడని అది నేర్పెను.

శుభ్రత అనునదే ఈ కథలో శాస్త్రము చేసిన మేలు. ఇంగ్లండు పడమటి భాగమున చిప్పింగ్ క్యాంప్‌డెన్ అను చిన్న ఊరిలోని పండ్ల నిలువ పరిశోధనాలయము 1920 తరువాతి సంవత్సరములలో గంధక ద్రావణముతో పండ్లను చెడకుండ ఉంచు పద్ధతిని రూపొందించెను. అది పిదప బిళ్లల రూపమున మందుల దుకాణములలో దొరకసాగెను. నేటికిని ఆ బిళ్లలకు ఆ ఊరి పేరే నిలిచినది. ఒక బిళ్ల పాత్రలోని అడవి ఈస్టును, పులుపు సూక్ష్మజీవులను అణచివేయును. పిదప ఎన్నుకొనిన ఈస్టును వేసినచో దానికి పోటీ ఉండదు. హైడ్రోమీటరు మరియొక కన్ను. చక్కెర రసమున అది పైకి తేలును; చక్కెర ఆల్కహాలుగా మారుకొలది క్రిందికి దిగును. వరుసగా కొన్ని దినములు ఒకే గీతకడ నిలిచినప్పుడే సీసాలకు బిరడా వేయవలెను. తొందరపడినచో లోపలి వాయువు సీసాను పగులగొట్టును. రసమును చిక్కబరచుటలోను మార్పు వచ్చెను. గాలి తీసివేసిన పాత్రలో నీరు తక్కువ వేడికే మరుగును. అందుచే రసము మాడకుండ చిక్కనగును. అట్టి రసమును డబ్బాలలో పోసి, దానికి ఈస్టు పొట్లము జతచేయగా నేటి పెట్టె పూర్తియైనది. 1963 లో ఇంగ్లండు ఆర్థికమంత్రి మాడ్లింగు ఇంట బీరు చేయుటకు 1880 నుండి ఉన్న లైసెన్సును తొలగించెను. 1970 తరువాత పెద్ద మందుల దుకాణములలో సైతము ఇట్టి పెట్టెలు బారులు తీరినవి. కాని అమ్ముటకు ఎవరికిని అనుమతి లేదు. చేసికొనవచ్చును, అతిథికి పోయవచ్చును. గడప దాటి ధర కట్టరాదు.

అమెరికాలో 1978 లో అధ్యక్షుడు కార్టరు సంతకము చేసిన చట్టము ఇంటి బీరును కూడ అనుమతించెను. ఆ చట్టముతో పాత నియమములోని ఒక మాట మారెను. అంతవరకు 200 గాలనుల హక్కు ‘కుటుంబ యజమాని’ది. ఒంటరిగా నుండువానికి ఆ హక్కు లేదు. ఇంట ఉన్న స్త్రీ అభిప్రాయమును చట్టము అడుగలేదు. ఇల్లనగా ఒక్క యజమాని అనియే దాని ఊహ. క్రొత్త చట్టము యజమాని మాటను తీసివేసి, యుక్తవయస్సు గల వ్యక్తిని లెక్కకు తెచ్చెను. ఒక్కరే ఉన్న ఇంట 100 గాలనులు, ఇద్దరు లేక అంతకెక్కువ మంది ఉన్న ఇంట 200 గాలనులు. సంఖ్య మారలేదు, చూపు మారెను.

ఈ మాట తెలుగువారికి మరింత అర్థవంతము. మన దేశమున మద్యనిషేధపు తొలి ప్రయోగములు జరిగిన జిల్లాలలో రెండు తెలుగు జిల్లాలు కలవు. 1937 లో రాజగోపాలాచారి ప్రభుత్వము సేలములో నిషేధము ప్రారంభించి, 1938 లో చిత్తూరు, కడప జిల్లాలకు దానిని విస్తరించెను. 1948 నాటికి మద్రాసు రాష్ట్రమంతట అది అమలగుచుండెను. మన చట్టము అమెరికా చట్టమువలె గడపకడ నిలువలేదు. ఇంట కాచినను నేరమే. నేటికిని ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రముల ఆబ్కారీ చట్టముల ప్రకారము లైసెన్సు లేక మద్యము తయారుచేయుట శిక్షార్హము. కనుక ఇంగ్లండు వంటింట చెల్లు పెట్టె మన వంటింట చెల్లదని చదువరులు గుర్తింపవలెను.

చట్టము లోపలికి వచ్చినను రాకున్నను, గడప లోపలి మాట ఎవరిదను ప్రశ్న మాత్రము నిలిచియే యుండును. దానికి జవాబు 1992 లో నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలు చెప్పిరి. అక్షరాస్యతా తరగతులలో చదువు నేర్చిన ఆ తల్లులు తమ ఊరి సారా దుకాణమును మూయించిరి. ఆ ఉద్యమము జిల్లాలు దాటి వ్యాపించెను. 1993 లో రాష్ట్రమున సారా నిషేధింపబడెను. 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధము వచ్చెను. 1997 లో అది సడలెను. నిషేధము నిలిచినదా, తొలగినదా అను వాదము నటుంచుదము. అమెరికా చట్టము ఇంటిని ఒక్క మనిషిగా చూచి, ఆ మనిషికి 200 గాలను లిచ్చెను. దూబగుంట స్త్రీలు ఇల్లు ఒక్క మనిషి కాదని చూపిరి. పొయ్యిమీద ఎసరు పెట్టుటకు గింజలున్నవో లేవో తెలిసిన మనిషి వేరొకరుందురు. వారి మాటకును విలువ ఉండవలెను.

నేడు పాశ్చాత్యదేశముల వంటింట ఒక మూల ఆ తొట్టి నిలిచియుండును. వంపు గొట్టములో బుడగ ఒకటొకటిగా పొంగి చప్పుడు చేయును. వినోదమునకు, నేర్పునకు, పొదుపునకు దానిని పెట్టుకొనిన వారే అనేకులు. అందులోని రసము వెల్చ్ ఆశించిన మార్గమున పోలేదు; చట్టము తలచిన మార్గముననూ పోలేదు. అది తన మార్గమున తాను పోవును. దాని పక్కన నివసించువారందరి సమ్మతితో అది అచట ఉన్నదా లేదా అని చెప్పుటకు మాత్రము ఏ హైడ్రోమీటరును చాలదు.